వెయ్యో యూనిట్ కోసం తిప్పిన ఖాళీ డ్రయ్యర్

2022 అక్టోబరు నెలాఖరున, కరెంటు బిల్లు లెక్క కట్టే తేదీకి ఒక్క రోజు ముందు, టెక్సస్‌లోని ప్లేనోలో ఉన్న మా ఇంట్లో నేను ఒక్క గుడ్డ కూడా వెయ్యకుండా డ్రయ్యర్ తిప్పాను. ఆ సాయంత్రం చూసుకుంటే ఆ నెల వాడకం 930 యూనిట్ల దగ్గర ఉంది. మామూలుగా వాడుకుంటే మర్నాటికి 960 చిల్లర అవుతుంది, అంతే. వెయ్యి దాటితే మాత్రం కంపెనీ బిల్లులో వంద డాలర్లు తగ్గిస్తుంది. ఖమ్మం నుంచి ఆ నెలే వచ్చిన మా అమ్మ మోత విని, తలుపు తీసి చూసి, "లోపల ఏమీ లేదు కదా నాన్నా, ఎందుకు తిరుగుతోంది?" అని అడిగింది. విషయం చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "అక్కడ మేము రెండు వందలు దాటకూడదని నెలాఖరులో గీజర్ కూడా వెయ్యం. నువ్వేమో వెయ్యి దాటించాలని చూస్తున్నావు" అంది. నేను డ్రయ్యర్ ఆపేశాను. ఆ నెల బిల్లు 962 యూనిట్ల దగ్గర ఆగింది, దాదాపు 192 డాలర్లు వచ్చింది. ఇంకో 38 యూనిట్లు వృథా చేసి ఉంటే 99 డాలర్లు వచ్చేది.

ఆ ఒప్పందం కాగితం మీద "నూటికి నూరు శాతం పునరుత్పాదక విద్యుత్" అని స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యమూ, పట్టికలో ఒకచోట కనిపించిన తక్కువ ధరా చూసే, వేరే పథకాల కంటే దాన్ని మేలని నమ్మి, నేను సంతకం పెట్టాను. గాలీ ఎండా తయారుచేసిన కరెంటు కొంటున్నాననుకుంటున్న మనిషిని, కరెంటును ఊరికే తగలబెట్టడానికి పురికొల్పే ధరల పద్ధతి అది. అప్పటి నుంచి ఈ విషయాన్ని నేను వదలకుండా చదువుతున్నాను, లెక్కలు వేస్తున్నాను, తెలిసినవాళ్ల బిల్లులు అడిగి చూస్తున్నాను. ఇళ్లకు కరెంటు అమ్మే కంపెనీని మనమే ఎంచుకోవలసిన చోట, ఆ కంపెనీ ప్రకటించే ఆకుపచ్చ శాతం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ పథకం ధర ఏ తీరులో పెరుగుతుందో, తగ్గుతుందో చూడడం మీద పెట్టాలన్నది నా అభిప్రాయం. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో రెఫరల్ కోడ్‌లు పంచుకోవడం రోజూ చూస్తున్నాను కనుక, ఈ మాట కొంచెం వివరంగా రాయాలనిపించింది.

ముందు ఈ బజారు ఎలా ఏర్పడిందో చెప్పాలి. 1999లో టెక్సస్ శాసనసభ సెనేట్ బిల్ 7 అనే చట్టం చేసింది, అప్పటి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ దాని మీద సంతకం చేశారు. 2002 జనవరి 1 నుంచి రాష్ట్రంలో చాలా ప్రాంతాల్లో గృహ వినియోగదారులు తమకు కరెంటు అమ్మే కంపెనీని తామే ఎంచుకోవచ్చన్నారు. అంతకుముందు ఉత్పత్తి, సరఫరా, అమ్మకం అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉండేవి, ఈ చట్టంతో అవి విడిపోయాయి. ఇప్పుడు విద్యుత్ కేంద్రాలు వేర్వేరు యజమానులవి. స్తంభాలు, తీగలు, మీటర్లు మా ప్రాంతంలో ఆంకార్ సంస్థవి, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్‌వి. మనం ఎంచుకునే రిటైల్ కంపెనీకి మన వీధిలో ఒక్క తీగ కూడా ఉండదు. అది టోకున కరెంటు కొని మనకు చిల్లరగా అమ్ముతుంది, బిల్లు పంపుతుంది, ఫోను ఎత్తుతుంది. వీటన్నిటి మీద, రాష్ట్ర విద్యుత్ వాడకంలో దాదాపు 90 శాతానికి సంబంధించిన గ్రిడ్‌ను క్షణక్షణం సమతూకంలో ఉంచే పని ఎర్కాట్ అనే సంస్థది.

ఈ ఎంపిక అందరికీ లేదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల్లో నగరపాలక సంస్థలే కరెంటు ఇస్తాయి, అక్కడ వేరే కంపెనీ మాటే లేదు. ఫ్రిస్కోలో కొన్ని కాలనీలు ఆంకార్ కిందా, కొన్ని కోసర్వ్ అనే సహకార సంఘం కిందా ఉన్నాయి. సహకార సంఘం కింద ఇల్లు కొనుక్కున్న మా స్నేహితుడు ఏ కంపెనీ మంచిదని నన్ను అడిగి, తనకు ఆ అవకాశమే లేదని తెలిసి కొంత నిరాశపడ్డాడు. అతని బిల్లు చూశాక, ఎంపిక లేకపోవడం వల్ల అతనికి పెద్దగా నష్టమేమీ జరగలేదని నాకు అనిపించింది.

కంపెనీని ఎంచుకుంటే మన ఇంటికి వచ్చే కరెంటు మారుతుందా అన్న ప్రశ్నకు నాకు పుస్తకాల్లో కంటే బాగా జవాబు చెప్పింది 2021 ఫిబ్రవరి. ఆ వారం మంచు తుపానుకు టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకూ, వ్యాపారాలకూ కరెంటు పోయింది. అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మా ఇంట్లో రెండు రాత్రులు కరెంటు లేదు. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకొని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకొని, కిటికీ అంచున లోపలివైపు పేరుకున్న మంచును చూస్తూ గడిపాం. మా పక్కింటివారు వేరే కంపెనీ ఖాతాదారులు, వాళ్ల పథకంలో పునరుత్పాదకం వాటా తక్కువ. వాళ్ల ఇల్లూ చీకటే. రెండు వీధుల అవతల ఆసుపత్రి ఉన్న లైన్‌లో ఇళ్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి, అక్కడివారు ఏ కంపెనీ వారైనా సరే. ఏ లైన్ ఆపాలో, ఏది ఉంచాలో తీగల సంస్థ నిర్ణయించింది. మేము నెలనెలా డబ్బు కట్టే కంపెనీకి ఆ నిర్ణయంలో చోటే లేదు. ఆ రెండు రాత్రుల తర్వాత "మా ఇంటికి గాలి కరెంటు వస్తుంది" అని నేను ఎవరితోనూ అనలేదు. గ్రిడ్‌లో గాలి, ఎండ, వాయువు, బొగ్గు, అణువు అన్నీ ఒకే చెరువులో నీళ్లలా కలిసిపోతాయి. నా తూము దగ్గరికి ఏ వాగు నీళ్లు వచ్చాయో ఎవరూ చెప్పలేరు.

(ఆ వారం కరెంటు పోవడానికి కారణం గాలిమరలేనని అప్పట్లో కొందరు గట్టిగా ప్రచారం చేశారు. సమాఖ్య ఇంధన నియంత్రణ సంఘం అదే ఏడాది నవంబరులో విడుదల చేసిన నివేదికలో, ఆ వారం మూలపడిన ఉత్పత్తి యూనిట్లలో సగానికి పైగా సహజవాయువువేనని తేల్చింది. గాలిమరలూ గడ్డకట్టాయి, కానీ ఆ వారం జరిగిన నష్టం ప్రధానంగా వాటిది కాదు.)

ఆ వారమే ఇంకొక పాఠం కూడా నేర్పింది. గ్రిడీ అనే రిటైల్ కంపెనీ తన ఖాతాదారులకు టోకు ధరనే నేరుగా వేసేది. మామూలు రోజుల్లో అది చాలా చవక. తుపాను రోజుల్లో టోకు ధర గరిష్ఠ పరిమితిని తాకి, యూనిట్‌కు 9 డాలర్ల దగ్గర రోజుల తరబడి నిలిచిపోయింది. కరెంటు పోని అదృష్టవంతుల్లో కొందరికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ కంపెనీ మార్చిలో దివాలా తీసింది. గృహ వినియోగదారులకు అలాంటి టోకు ధర పథకాలు అమ్మకూడదని శాసనసభ ఆ ఏడాదే చట్టం చేసింది. ధర తక్కువగా కనిపించినప్పుడల్లా, దాని వెనకున్న ప్రమాదాన్ని ఎవరు మోస్తున్నారని అడగాలన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

సరే, గ్రిడ్‌లో అంతా కలిసిపోతే "నూరు శాతం పునరుత్పాదకం" అన్న మాటకు అర్థమేమిటి? దానికి జవాబు సర్టిఫికెట్. గాలిమర గానీ సౌర కేంద్రం గానీ వెయ్యి యూనిట్లు తయారుచేసినప్పుడల్లా ఒక పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్ పుడుతుంది. కరెంటు ఒక దారిన గ్రిడ్‌లోకి పోతుంది, సర్టిఫికెట్‌ను విడిగా అమ్ముకోవచ్చు. మా ఇంట్లో ఏడాదికి 14,692 యూనిట్లు వాడామనుకోండి, కంపెనీ మా పేరున దాదాపు 15 సర్టిఫికెట్లు కొని, మళ్లీ ఎవరికీ అమ్మకుండా రద్దు చేస్తే మా పథకం నూరు శాతం పునరుత్పాదకమైనట్టే. ఇందులో మోసమేమీ లేదు. ఒకే యూనిట్‌ను ఇద్దరికి అమ్మకుండా లెక్క చూసే పద్ధతి ఇది, అవసరమైనదే. అయితే దాని విలువ ఎంతో తెలుసుకోవాలి. టెక్సస్ గాలి సర్టిఫికెట్ ధర చాలా ఏళ్లపాటు ఒకటి రెండు డాలర్లకు అటూ ఇటూగానే నడిచింది. రెండు డాలర్లే అనుకుంటే మా ఇంటి ఏడాది మొత్తానికి 30 డాలర్లు. అదే ఒక కంపెనీ ఆకుపచ్చ పథకం పేరుతో యూనిట్‌కు రెండు సెంట్లు అదనంగా తీసుకుంటే మా దగ్గర ఏడాదికి 294 డాలర్లు వసూలవుతాయి. మిగిలిన 264 డాలర్లు ఎక్కడికి పోయాయని అడిగే హక్కు నాకుంది. నేను అడిగాను కూడా. నాకు వచ్చిన సమాధానంలో "సుస్థిర భవిష్యత్తు" అన్న మాట మూడుసార్లు ఉంది, లెక్క ఒక్కసారి కూడా లేదు.

కంపెనీ పేరు చూసి నమ్మడం కూడా సరిపోదు. గ్రీన్ మౌంటెన్ ఎనర్జీ 1997లో వెర్మాంట్‌లో మొదలై, పునరుత్పాదక విద్యుత్తునే పనిగా పెట్టుకున్న కంపెనీగా టెక్సస్‌లో పేరు తెచ్చుకుంది. 2010లో దాన్ని ఎన్‌ఆర్‌జీ అనే పెద్ద విద్యుత్ కంపెనీ కొన్నది. హ్యూస్టన్ పక్కన, మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉంటున్న షుగర్‌ల్యాండ్ ఏ కౌంటీలో ఉందో అదే ఫోర్ట్ బెండ్ కౌంటీలో, బొగ్గు మండించే డబ్ల్యూ. ఎ. పారిష్ విద్యుత్ కేంద్రం కూడా ఎన్‌ఆర్‌జీదే. ఆకుపచ్చ పథకానికి మనం కట్టే లాభం, బొగ్గు కేంద్రం తెచ్చే లాభం చివరికి ఒకే వాటాదార్ల చేతికి చేరుతున్నాయి. దీనివల్ల ఆ పథకం చెడ్డదైపోతుందని నేను అనను. కానీ "ఈ కంపెనీకి డబ్బు కడితే బొగ్గుకు పైసా పోదు" అనుకొని సంతకం పెట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకొని పెట్టాలి.

ఆ అక్టోబరులోనే అమ్మను న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహలు చూపించడానికి ఐ-20 రహదారి మీద పడమటికి తీసుకెళ్లాను. అబిలీన్ దాటాక స్వీట్‌వాటర్, ఆ తర్వాత రోస్కో వస్తాయి. రోస్కో చుట్టూ 627 గాలిమరలున్నాయి, 781.5 మెగావాట్లు. 2009లో పూర్తయ్యేనాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద గాలి విద్యుత్ క్షేత్రం అదే. అవన్నీ పత్తి చేలల్లో నిలబడి ఉన్నాయి. పత్తి పగిలి తెల్లగా ఉంది. ఒక మర రెక్కల నీడ ఒక్కో చాలు మీదుగా జరుగుతూ, రోడ్డు అడ్డంగా దాటి, అవతలి చేలోకి పోతోంది. కారు ఆపమని అమ్మ దిగింది. పత్తి ఏరిన చేతులవి. కంచె అవతలి కాయల్ని చూసి, చెట్టు పొట్టిగా ఉందనీ, దగ్గర దగ్గరగా పెట్టారనీ, మిషనుతో ఏరుతారు కాబోలనీ అంది. తర్వాత తలెత్తి, "ఈ కరెంటేనా మీ ఇంటికి వచ్చేది?" అని అడిగింది. రాత్రి తిరుగు ప్రయాణంలో ఆ మరల నెత్తిన ఎర్ర దీపాలు వందలకొద్దీ ఒకేసారి వెలిగి, ఒకేసారి ఆరుతుంటే, అమ్మ అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఆలోచిస్తూ డ్రైవ్ చేశాను.

ఆ జవాబు రిటైల్ కంపెనీల ప్రకటనల్లో దొరకదు. పడమటి టెక్సస్‌లో గాలి ఉంది, మనుషులు తక్కువ. డాలస్, హ్యూస్టన్‌లలో మనుషులున్నారు, అంత గాలి లేదు. మధ్యలో సరిపడా తీగలు లేక, గాలి బాగా వీచే రోజుల్లో మరలను ఆపుకోవలసి వచ్చేది. 2005లో శాసనసభ గాలి విద్యుత్ మండలాలను గుర్తించి, అక్కడికి ప్రసార మార్గాలు వెయ్యాలని చట్టం చేసింది. 2014 ఆరంభానికి దాదాపు 3,600 మైళ్ల లైన్లు పూర్తయ్యాయి. ఖర్చు దాదాపు 700 కోట్ల డాలర్లు. ఆ ఖర్చును ఆకుపచ్చ పథకం తీసుకున్నవాళ్ల మీదే వెయ్యలేదు, ఎర్కాట్ పరిధిలో కరెంటు వాడే ప్రతి ఇంటి మీద, ప్రతి దుకాణం మీద తీగల ఛార్జీల్లో కలిపి వేశారు. 1999 చట్టంలోనే పునరుత్పాదక కేంద్రాలు ఇంత సామర్థ్యానికి చేరాలన్న లక్ష్యం కూడా పెట్టారు. 2005లో దాన్ని పెంచి, 2025 నాటికని పెట్టుకున్న 10,000 మెగావాట్ల లక్ష్యాన్ని రాష్ట్రం దాదాపు పదిహేనేళ్ల ముందే దాటేసింది. ఇవాళ గాలి విద్యుత్తులో దేశంలో మొదటి స్థానం టెక్సస్‌దే. రోస్కో మరల కరెంటు మా ఇంటిదాకా రావడానికి నా సంతకం కంటే, ఆకుపచ్చ పథకాల పేరు కూడా వినని లక్షలాది మంది బిల్లుల్లో కలిసిన ఆ కొద్ది సెంట్లే ఎక్కువ పనిచేశాయి. మార్కెట్‌లో వ్యక్తిగత ఎంపిక వల్లే టెక్సస్‌లో గాలి విద్యుత్తు పెరిగిందని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే.

అలాగని వ్యక్తిగత ఎంపిక నిష్ప్రయోజనమని కూడా నేను అనడం లేదు. ఒకప్పుడు రిటైల్ కంపెనీలన్నీ తమ అమ్మకాల నిష్పత్తిలో కొన్ని సర్టిఫికెట్లు కొనితీరాలన్న నియమం ఉండేది. 2023లో చేసిన చట్టంతో ఆ నియమాన్ని ఎత్తేస్తూ వచ్చారు, 2025తో అది పూర్తిగా ముగిసింది. ఇక సర్టిఫికెట్‌కు గిరాకీ అంటూ ఉంటే అది ఇష్టపడి కొనేవాళ్ల నుంచే రావాలి. నిర్బంధం పోయిన తర్వాత మా 15 సర్టిఫికెట్లకు మునుపటి కంటే కొంచెం ఎక్కువ అర్థం వచ్చిందని నా నమ్మకం. అందుకే నేను ఇప్పటికీ నూరు శాతం పథకమే తీసుకుంటున్నాను. అయితే రెండు షరతులు పెట్టుకున్నాను. అదనపు ధర యూనిట్‌కు అర సెంటు దాటకూడదు. సర్టిఫికెట్లు ఎప్పుడో కట్టి, ఎప్పుడో అప్పు తీరిపోయిన కేంద్రాలవి కాకూడదు. గ్రీన్-ఈ అనే ధ్రువీకరణ ఉంటే, గత 15 ఏళ్లలో మొదలైన కేంద్రాల నుంచే అవి రావాలన్న నియమం ఉంటుంది, రెండుచోట్ల అమ్మలేదని తనిఖీ కూడా ఉంటుంది. ఆ ముద్ర లేని నూరు శాతం కంటే ముద్ర ఉన్న నూరు శాతం మేలు.

ఇక ధర సంగతి. కరెంటు కంపెనీలను నియంత్రించే రాష్ట్ర ప్రజా వినియోగ సేవల సంఘం నడిపే పవర్ టు చూజ్ అనే వెబ్‌సైటులో మన జిప్ కోడ్ కొడితే పదుల కొద్దీ పథకాలు ధర వరుసలో వస్తాయి. ప్రతి పథకానికీ విద్యుత్ వివరాల పట్టిక ఉండి తీరాలని నియమం. అందులో 500, 1000, 2000 యూనిట్ల వాడకానికి సగటు ధర, గడువు, మధ్యలో మానుకుంటే కట్టవలసిన రుసుము, పునరుత్పాదక శాతం, ఆ శాతం పక్కనే రాష్ట్ర సగటు కూడా ఉంటాయి. ఇది నిజంగా మంచి నియమం. కానీ వెబ్‌సైటు మామూలుగా 1000 యూనిట్ల ధరను బట్టి వరుస పేరుస్తుంది కనుక, కొన్ని కంపెనీలు సరిగ్గా ఆ 1000 దగ్గరే ధర తగ్గేలా పథకాలు అల్లుకున్నాయి. నేను తీసుకున్నది అలాంటిదే. తీగల ఛార్జీతో కలిపి యూనిట్‌కు 19.5 సెంట్లు, నెలకు 4 డాలర్లు, వెయ్యి యూనిట్లు దాటితే వంద డాలర్ల తగ్గింపు. పట్టికలో 500 యూనిట్లకు 20.3 సెంట్లు, 1000 యూనిట్లకు 9.9, 2000 యూనిట్లకు 14.7 అని ఉంటుంది. నా కంట పడింది మధ్యలో ఉన్న 9.9 మాత్రమే.

ఆ ఒప్పందం ముగిశాక ఏడాది రీడింగులన్నీ ముందేసుకొని కూర్చున్నాను. మా ఇంట్లో చలికాలం వేడికి గ్యాసు వాడతాం కనుక జనవరిలో 870, ఫిబ్రవరిలో 790, మార్చిలో 760. ఎండలు ముదిరితే జులైలో 2,050, ఆగస్టులో 2,140. పన్నెండు నెలల్లో వెయ్యి దాటింది మే నుంచి సెప్టెంబరు దాకా ఐదు నెలలే. మొత్తం మీద ఏడాదికి 2,413 డాలర్లు కట్టాను, అంటే యూనిట్‌కు సగటున 16.4 సెంట్లు పడింది. అదే రోజుల్లో ఏ మెలికా లేకుండా అన్ని యూనిట్లకూ ఒకే ధర, అన్నీ కలిపి 15.2 సెంట్లు అని చెప్పిన నూరు శాతం పునరుత్పాదక పథకం ఒకటి, అదే వెబ్‌సైటులో మూడో పేజీలో ఉండేది. దానికైతే 2,233 డాలర్లు అయ్యేది. 9.9 చూసి తీసుకున్న పథకం వల్ల 180 డాలర్లు ఎక్కువ పోయాయి, పైగా పొదుపు చేసిన ఏడు నెలలూ శిక్ష పడింది.

మన దగ్గర స్లాబులుంటాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. తెలంగాణలో 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. ఆ పద్ధతి మీద జనానికి ఎన్నో ఫిర్యాదులున్నాయి, వాటిలో న్యాయం కూడా ఉంది. కానీ దాని వాలు ఎటువైపో మా అమ్మకు తెలుసు, చదువుకోని వాళ్లకూ తెలుసు: తక్కువ వాడితే తక్కువ కడతావు. ఇక్కడి తగ్గింపు పథకం ఆ వాలును తిరగేస్తుంది. ఇద్దరే ఉండే చిన్న అపార్ట్‌మెంట్లో నెలకు 600 యూనిట్లు వాడేవాళ్లు యూనిట్‌కు 20 సెంట్లు కడతారు. ఈత కొలనుతో పెద్ద ఇల్లున్నవాళ్లు 15 కడతారు. కొత్తగా వచ్చి రూములు పంచుకొని ఉంటున్న మన విద్యార్థులు, అందులోనూ డెంటన్ లాంటి నగరపాలక సంస్థ ఊళ్లలో కాకుండా రిచర్డ్‌సన్, అర్వింగ్ లాంటి చోట్ల ఉండేవాళ్లు, సరిగ్గా ఈ 600 దగ్గరే ఉంటారు. రెఫరల్ కోడ్‌తో వాళ్లకు ఈ పథకాన్ని అంటగట్టడం నాకు బాధ కలిగిస్తుంది. పంపేవాళ్లు తెలియక పంపుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

రాత్రి ఉచితం అనే పథకాలు దీనికంటే కొంచెం నయం, ఎందుకంటే వాటి వెనక ఒక నిజం ఉంది. పడమటి టెక్సస్‌లో గాలి రాత్రిళ్లు ఎక్కువ, వాడకం తక్కువ. కానీ పగటి ధర ఎంతో చూడాలి. స్మార్ట్ మీటర్ టెక్సస్ అనే వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే మన ఇంటి వాడకం పావుగంట పావుగంటకూ కనిపిస్తుంది, డబ్బేమీ కట్టనక్కర్లేదు. అందులో చూస్తే ఆగస్టు వాడకంలో మాకు 62 శాతం పగటిపూటే. పగలు 25 సెంట్లు, రాత్రి ఏమీ లేదు అనే పథకంలో ఆ నెలకు 332 డాలర్లు, ఒకే ధర పథకంలో 325. విద్యుత్ కారును రాత్రిపూట ఛార్జి చేసుకునే ఇంటికి మాత్రం ఈ లెక్క పూర్తిగా మారుతుంది. వాళ్లు ఇది తప్పక చూడాలి.

గ్రిడ్‌కు అసలు కష్టమెప్పుడో కూడా ఇక్కడే చెప్పాలి. 2023 ఆగస్టు 10న ఎర్కాట్ చరిత్రలో అప్పటిదాకా అత్యధికంగా 85,508 మెగావాట్ల గిరాకీ వచ్చింది, అయినా ఆ మధ్యాహ్నం ఎండ ఉన్నంతసేపూ సౌర కేంద్రాలు ఆదుకున్నాయి. అదే ఏడాది సెప్టెంబరు 6న సాయంత్రం ఏడు దాటాక, పొద్దు వాలి, ఉక్క తగ్గక, గాలి ఇంకా పుంజుకోక, 2021 తుపాను తర్వాత మొదటిసారి అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. ఆ ఏడు నుంచి తొమ్మిది దాకా ఉండే రెండు గంటల్లో వాడే యూనిట్‌కూ, రాత్రి రెండింటికి వాడే యూనిట్‌కూ మధ్య ఉన్న తేడాను నూరు శాతం అన్న ముద్ర ఎక్కడా చూపించదు. ఏడాది మొత్తానికి సర్టిఫికెట్లు సరిపోతే చాలు, ఏ గంటలో వాడినా అంతా ఆకుపచ్చే. ఆ సాయంత్రాల్లో గ్యాసు కేంద్రాలన్నీ మండుతూనే ఉంటాయి. మేము ఎండాకాలంలో నాలుగింటికే ఇంటిని రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి, ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఏసీ తక్కువ తిరిగేలా ఉష్ణోగ్రతను పైకి పెట్టేస్తాం. డిష్‌వాషర్, డ్రయ్యర్ పది తర్వాతే. దీనికి నా బిల్లులో ఒక్క సెంటు కూడా తగ్గదు. ఈ గంటలకు తగ్గింపునిచ్చే తేలికైన పథకం గృహ వినియోగదారులకు విరివిగా దొరికేలా చెయ్యాలని రాష్ట్ర సంఘాన్ని అడగాలి. 9.9 సెంట్ల పథకాల కంటే గ్రిడ్‌కు అదే ఎక్కువ మేలు.

ఇంటి కప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకున్నవాళ్లకు ఈ ఎంపిక ఇంకా కీలకం. మిగిలిన యూనిట్‌ను అదే ధరకు వెనక్కి తీసుకోవాలని టెక్సస్‌లో రాష్ట్రవ్యాప్త నియమమేదీ లేదు. ఏ రిటైల్ కంపెనీ ఎంత ఇస్తానంటే అంతే. ఫలకాలు అమ్మేవాళ్ల కాగితం మీది లెక్కను నమ్మేముందు ఆ తిరుగుకొనుగోలు ఒప్పందం ఎన్నేళ్లు ఉంటుందో చూడండి. చాలావరకు అది ఫలకాల అప్పు కంటే ఎంతో ముందే ముగుస్తుంది.

గడువు సంగతి ఒక్కమాట. ఒప్పందం ముగిసే తేదీకి ముందు 14 రోజుల్లో కంపెనీ మారితే మధ్యలో మానుకున్న రుసుము ఉండదు, ఇల్లు మారినా ఉండదు. ఆ తేదీ మరిచిపోతే మాత్రం నెలనెలా మారే ధరలోకి మనల్ని తోసేస్తారు. ఒకసారి అలా మరిచిపోయి, అప్పటి కంపెనీకి జూన్, జులై నెలలకు మామూలు కంటే రెట్టింపు కట్టాను. వచ్చిన ఈమెయిల్ ప్రకటనల మధ్య కలిసిపోయింది.

పోయిన నెల అర్వింగ్‌లో ఉండే మా బావ ఒక పట్టిక ఫోటో పంపి, "8.9 సెంట్లట, నూరు శాతం గ్రీనట, పెట్టేద్దామా?" అని అడిగాడు. "బావా, ముందు నీ పన్నెండు నెలల రీడింగులు పంపు" అన్నాను. ఆ రాత్రి కూర్చొని స్మార్ట్ మీటర్ ఖాతా తెరిచి పంపాడు. ఏప్రిల్‌లో 640. నవంబరులో 590. వెయ్యి దాటిన నెలలు మూడు. మూడో పేజీలో ఉన్న ఒకే ధర పథకానికి గ్రీన్-ఈ ముద్ర ఉందో లేదో ఇద్దరం ఫోనులోనే చూసుకొని, ఉందని తేలాక, బావ అక్కడే సంతకం పెట్టాడు.